ఆఖరి క్షణం పాట, రుద్దిన నాణెం, మారిపోయిన స్టాంపు

ప్రశ్న: పాత నాణేలు, స్టాంపులు సేకరించడం నా సరదా. కొన్నేళ్లుగా ఎక్కువగా ఆన్‌లైన్ వేలం సైట్లలోనే కొంటున్నాను. నా దగ్గర రెండేసి ఉన్నవి అక్కడే అమ్ముతుంటాను. ఇప్పుడు విసుగొచ్చేసింది. మూడు రోజులుగా నాదే హెచ్చు పాట అనుకుంటూ ఉంటే ఆఖరి ఐదు సెకన్లలో ఎవరో వచ్చి ఎగరేసుకుపోతారు. ఈమధ్య గెలిచిన ఒక పాత వెండి నాణెం చేతికొచ్చాక చూస్తే ఎవరో రుద్ది మెరిపించినదని తేలింది. అమ్మినాయన్ని అడిగితే 'ఫొటోలు చూసే కదా కొన్నారు' అంటున్నాడు. ఇది చాలదన్నట్టు, నేను అమ్మిన ఒక మంచి స్టాంపును కొన్నాయన 'మీరు రాసినట్టు లేదు' అని వెనక్కి పంపాడు. కవరు తెరిస్తే అందులో ఉన్నది నా స్టాంపు కాదు, అదే రకంలో పాడైపోయినది ఇంకొకటి. సైటువాళ్లు డబ్బు అతనికే తిరిగి ఇచ్చేశారు. ఈ సైట్లన్నీ మోసమేనా? మానేయమంటారా?

సమాధానం: మీరు చెప్పిన మూడింటిలో స్టాంపు సంగతికి గడువు ఉంటుంది కాబట్టి ముందు అది చూద్దాం. మిగతావి ఆ తర్వాత.

చాలా సైట్లలో ఇలాంటి తీర్పు మీద అప్పీలు చేసుకునే వీలుంటుంది. దానికి ఇన్ని రోజులని లెక్క ఉంటుంది. ఆ లెక్క ఒక్కో సైటుకు ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఇవాళే చూసుకోండి. అప్పీలులో మీ బాధ, మీకున్న మంచి రేటింగ్, ఎన్నేళ్లుగా అమ్ముతున్నారన్నది రాయకండి. అవతల కూర్చున్న మనిషికి స్టాంపుల గురించి ఏమీ తెలియదు, మీ కేసు మీద అతను పెట్టే సమయం కూడా తక్కువ. అతనికి ఒకే విషయం కంటికి కనబడాలి: వెళ్లిన స్టాంపు వేరు, వచ్చిన స్టాంపు వేరు.

అది చూపించడం మీరనుకున్నంత కష్టం కాదు. ఒకే రకం స్టాంపులు లక్షల్లో అచ్చయినా, ఏ రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు. వాడిన స్టాంపైతే పోస్టాఫీసు ముద్ర దాని మీద ఎక్కడ పడింది, ఏ అక్షరం సగం తెగింది అన్నది ఆ ఒక్క స్టాంపుకే చెందుతుంది. వాడనిదైతే బొమ్మకూ అంచుకూ మధ్య ఉన్న తెల్ల ఖాళీని నాలుగు వైపులా కొలవండి. ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ ఉంటుంది. అంచు పళ్లలో పొట్టిది ఏది, విరిగింది ఏది అన్నది కూడా వేలిముద్రలాగే పనికొస్తుంది. మీ లిస్టింగ్‌లో పెట్టిన స్కాన్, వచ్చిన స్టాంపు స్కాన్ ఒకే సైజులో పక్కపక్కన పెట్టి, తేడా ఉన్న చోట ఎర్రటి గీత చుట్టండి. కింద నాలుగు వాక్యాలు చాలు. మొత్తం పెద్దదైతే పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి, ఆ కాపీ కూడా జత చేయండి. అప్పీలుకు బరువు వస్తుంది.

ఇంత చేసినా ఓడిపోవచ్చు. ముందే చెప్తున్నాను, ఆశ పెట్టుకుని కూర్చోవద్దని. ఈ సైట్ల నియమాలు కొనేవాళ్ల వైపు మొగ్గే ఉంటాయి. ఈబే అనే పెద్ద వేలం సైటు 2008లో అమ్మేవాళ్లు కొన్నవాళ్లకు చెడ్డ ఫీడ్‌బ్యాక్ ఇచ్చే వీలే తీసేసింది. అంతకుముందు కొన్నవాళ్లు నిజం రాయడానికి జంకేవారు, ఎందుకంటే మరుక్షణం అవతలివాడు పగ తీర్చుకునేవాడు. ఆ రోగానికి మందు వేశారు, దాంతో అమ్మేవాళ్ల చేతులు కట్టేసినట్టయింది. అన్యాయమే, కాదనను. కానీ ముక్కూమొహం తెలియని మనిషికి ముందే డబ్బు పంపాలంటే కొనేవాళ్లకు ఏదో ఒక ధైర్యం ఉండాలి. ఆ ధైర్యం లేకపోతే మీ స్టాంపుకు పాట పెట్టేవాళ్లే ఉండరు. కాబట్టి ఇలాంటి దెబ్బ ఎప్పుడో ఒకటి తగులుతుందని లెక్కలో వేసుకునే అమ్మాలి. అది తగిలితే తట్టుకోలేనంత ఖరీదైన వస్తువును ఈ దారిలో అమ్మకూడదు.

ఇక ఆఖరి ఐదు సెకన్ల సంగతి. ఈ ఫిర్యాదులో మాత్రం మీతో ఏకీభవించలేను.

ఇలాంటి సైట్లలో చాలావాటిలో మీరు పెట్టేది మీ గరిష్ఠ ధర. మీ తరఫున సైటే మెట్టు మెట్టుగా పాడుతుంది. మీరు 1,000 పెట్టారు, ఇంకొకరి గరిష్ఠం 700 అనుకోండి, మీకు 700 మీద ఒక మెట్టు ధరకు వస్తుంది. మీ 1,000 ఎవరికీ కనబడదు. 1961లో విలియం విక్రీ అనే ఆర్థికవేత్త ఇలాంటి పద్ధతి గురించి రాశాడు: గెలిచినవాడు రెండో పాటదారు ధర కడితే చాలన్నప్పుడు, ఎవరికి వారు తమకు నిజంగా ఎంత విలువో అంతే చెప్పడం మేలు. ఆయనకు 1996లో నోబెల్ వచ్చింది. అంటే మీ గరిష్ఠం నిజంగా మీ గరిష్ఠమే అయితే, ఎవరో ఐదు సెకన్ల ముందు వచ్చినా ఐదు రోజుల ముందు వచ్చినా మీకు తేడా లేదు. అతను మీకన్నా ఎక్కువ ఇవ్వడానికి సిద్ధపడ్డాడు, అంతే. 'ఇంకో యాభై పెట్టేవాణ్ణి, టైమ్ ఇవ్వలేదు' అనిపిస్తోందంటే ఆ యాభై మొదటే పెట్టాల్సింది.

మరి అందరూ ఆఖర్లోనే ఎందుకు వస్తారు? మీలాంటివాళ్లు మూడు రోజుల ముందే తమ ఇష్టాన్ని చాటుకుంటారు కనుక. తొందరగా పాడితే మిగతావాళ్లకు ఇందులో ఏదో ఉందని తెలుస్తుంది, మళ్లీ మళ్లీ పెంచే అలవాటున్నవాళ్లు రెచ్చిపోతారు. ఆల్విన్ రోత్, ఆక్సెల్ ఓకెన్‌ఫెల్స్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2002లో అచ్చయిన ఒక అధ్యయనంలో అప్పటి ఈబే వేలాలనూ, అమెజాన్ నడిపిన వేలాలనూ పోల్చారు. ఈబేలో గడియారం కచ్చితంగా ఆగుతుంది. అమెజాన్‌లో చివర్లో పాట పడితే సమయం పొడిగించేవారు. చివరి క్షణం పాటలు ఈబేలోనే చాలా ఎక్కువని తేలింది. అంటే ఇది ఎవరి కుట్రా కాదు, ఆట నియమాల వల్ల వచ్చిన అలవాటు. మీరూ అదే చేయండి. మీ అంకె ముందే కాగితం మీద రాసుకోండి, షిప్పింగ్, కస్టమ్స్, ఉంటే కొనుగోలు కమిషన్ అందులోంచి తీసేయండి, మిగిలింది ముగింపుకు కాస్త ముందు ఒక్కసారి పెట్టి స్క్రీన్ మూసేయండి. గుండ్రటి 1,000 కంటే 1,037 లాంటిది నయం. అందరూ గుండ్రటి అంకెల దగ్గరే ఆగుతారు.

ఓడిపోవడం గురించి ఇంకో మాట చెప్పాలి, ఎందుకంటే మీ వెండి నాణెం కథ అక్కడే మొదలవుతుంది. 1971లో ముగ్గురు చమురు కంపెనీ ఇంజనీర్లు ఒక వ్యాసం రాశారు. సముద్రంలో చమురు బ్లాకుల వేలంలో గెలిచిన కంపెనీలు ఎందుకు అంత తక్కువ లాభం చూస్తున్నాయన్నది వాళ్ల ప్రశ్న. జవాబు తేలికైనదే. కింద ఎంత చమురుందో ఎవరికీ సరిగ్గా తెలియదు, తలా ఒక అంచనా వేస్తారు, అందరికన్నా ఎక్కువ వేసుకున్నవాడు గెలుస్తాడు. అంటే తరచుగా, అందరికన్నా ఎక్కువ పొరబడినవాడే గెలుస్తాడు. ఫొటో చూసి నాణెం కొనడంలోనూ ఇదే జరుగుతుంది. మీతో పాటు ఆ లిస్టింగ్ చూసిన అనుభవజ్ఞులు ఆ మెరుపు చూడగానే పక్కకు తప్పుకుని ఉంటారు. లోపం కనబడనివాళ్లు మిగిలారు, వాళ్లలో మీరు గెలిచారు. మంచి నాణెం మరీ సులువుగా దక్కిందనిపించినప్పుడు సంబరపడే ముందు, తెలిసినవాళ్లు ఎందుకు పాడలేదని ఒకసారి అడగండి.

రుద్దిన నాణేన్ని ఫొటోలో పట్టుకోవచ్చా? చాలావరకు పట్టుకోవచ్చు. చేతులు మారిన నాణెంలో ఎత్తుగా ఉన్న భాగాలు అరిగి, అక్షరాల చుట్టూ ఉన్న గుంటల్లో నలుపు పేరుకుంటుంది. ఎత్తు భాగాలు అరిగిపోయి కూడా గుంటలతో సహా అంతా ఒకే తెలుపుగా మెరుస్తోందంటే ఎవరో చెయ్యి పెట్టారు. దీనికి వ్యతిరేకం కూడా చూడండి: మైదానమంతా, అంటే బొమ్మా అక్షరాలూ లేని చదును భాగమంతా, తెల్లగా ఉండి అక్షరాల మొదళ్లలో మాత్రం గట్టిగా నలుపు ఉంటే, గుడ్డ చేరినంతవరకు రుద్దారన్నమాట. ఒకే దిక్కుకు పోయే సన్నటి వెంట్రుక గీతలు రెండో గుర్తు. అసలు అరగని నాణెంలో మెరుపు వేరు. లైటు కింద కొద్దిగా తిప్పితే కాంతి పట్టీలు నడిమి నుంచి అంచు దాకా గిర్రున తిరుగుతాయి. రుద్దితే అది పోతుంది, మళ్లీ రాదు. నిలకడ ఫొటోలో ఇది కనబడదు కాబట్టి, నాణేన్ని లైటు కింద వంచి తిప్పుతూ పది సెకన్ల వీడియో పంపమని అడగండి. ఖరీదైన నాణేనికి ఆ మాత్రం అడగడం ఏం తప్పు కాదు. పంపనని చెప్పినా మీకు కావలసిన జవాబు వచ్చినట్టే.

రాతను కూడా ఫొటో చదివినట్టే చదవాలి, ముఖ్యంగా రాయనిదాన్ని. 'వయసుకు తగ్గట్టు బాగుంది', 'కళ్లు చెదిరే మెరుపు', 'ఫొటోలు చూసి మీరే నిర్ణయించుకోండి' అనేవి ఏదీ చెప్పకుండా నోరు నింపే మాటలు. 'నాకు నాణేల గురించి ఏమీ తెలియదు, పాత పెట్టెలో దొరికింది' అన్నాయన మిగతా లిస్టింగ్‌లు తెరిచి చూడండి. నెలకు వంద నాణేలు అమ్ముతున్న మనిషికి ఇంకా ఏమీ తెలియదంటే నమ్మేదెలా?

బరువు, వ్యాసం (అడ్డంగా ఎంత వెడల్పుందో) అడగడం మర్చిపోవద్దు. ఆ నాణెం అధికారిక బరువెంతో కేటలాగుల్లో దొరుకుతుంది. వెండి సాంద్రత ఘన సెంటీమీటరుకు 10.49 గ్రాములు. రాగిలాంటి చవక లోహంతో అదే సైజులో చేస్తే బరువు తగ్గుతుంది, బరువు సరిపెట్టాలంటే మందం పెంచాలి. అయస్కాంత పరీక్ష మీద మాత్రం ఎక్కువ నమ్మకం పెట్టుకోకండి. అంటుకుంటే అది వెండి కాదని తేలుతుంది. అంటుకోనంత మాత్రాన వెండి అని తేలదు, రాగీ సీసమూ కూడా అంటుకోవు.

గ్రేడింగ్ చేసి, అంటే నిపుణులు పరీక్షించి నాణెం స్థితికి ఒక అంకె ఇచ్చి, ప్లాస్టిక్ పెట్టెలో సీలు వేసిన నాణేలు కొంటే ఈ టెన్షన్ చాలా తగ్గుతుంది. 1949లో విలియం షెల్డన్ అనే నాణేల సేకరణకర్త అమెరికా పాత పెద్ద రాగి సెంట్ల కోసం వేసిన 1 నుంచి 70 దాకా కొలమానాన్నే ఇవాళ మిగతా నాణేలకూ వాడుతున్నారు. పీసీజీఎస్, ఎన్‌జీసీ అనే అమెరికా గ్రేడింగ్ కంపెనీలు 1986లో ఒకటి, 1987లో ఒకటి ఈ పని మొదలుపెట్టాయి. గట్టిగా రుద్దిన నాణేనికి వీళ్లు సాధారణంగా అంకె ఇవ్వరు, 'డీటెయిల్స్' అని రాసి కారణం చెప్తారు. అయితే ఇప్పుడు ఆ పెట్టెలకు కూడా నకిలీలు వచ్చాయి. పెట్టె మీది నంబరును ఆ కంపెనీ సైటులో కొట్టి చూడండి. నంబరు సరిపోయిందని ఆగిపోకండి, అసలు నాణెం నంబరునే కాపీ కొట్టి ఉండొచ్చు. అక్కడ ఫొటో ఉంటే గీతలు, మచ్చలు మీకు చూపిస్తున్న నాణెంతో కలిసాయా చూడాలి.

ఇప్పుడు 'ఫొటోలు చూసే కదా కొన్నారు' అన్న ఆయన సంగతి. ఆ మాటకు అక్కడ జవాబు ఇవ్వకండి. లిస్టింగ్‌లో శుభ్రం చేసినట్టు ఎక్కడా రాయలేదు కదా? అయితే సైటులో వివాదం తెరవండి, 'వర్ణనకు తగ్గట్టు లేదు' అన్న కారణం ఎంచుకోండి. 'నచ్చలేదు' అన్నది ఎంచుకుంటే తిరుగు పోస్టేజీ మీ నెత్తిన పడొచ్చు, అసలు కుదరదనీ అనొచ్చు. గీతలు కనబడేలా పక్క నుంచి లైటు వేసి తీసిన ఫొటోలు జత చేయండి. మాటలన్నీ సైటు మెసేజీల్లోనే నడపండి. అతను 'బయట మాట్లాడుకుందాం, సగం వెనక్కి ఇస్తాను, కేసు మూసేయండి' అంటే, ముందు డబ్బు రావాలి, తర్వాతే కేసు. ఒకసారి మూసిన కేసును చాలా సైట్లు మళ్లీ తెరవనివ్వవు. పంపాల్సి వస్తే నాణేన్ని ప్యాక్ చేస్తున్నది మొదలు కవరు అతికించేదాకా ఆపకుండా వీడియో తీయండి. మీ స్టాంపు కొన్నాయన మీకు చేసింది మీరు చేశారని ఇతను అనకుండా.

అమ్మే సంగతికి వస్తే, ఈబే పుట్టుకలో ఒక ముచ్చట ఉంది. 1995లో పియర్ ఒమిడ్యార్ ఆ సైటును ఆక్షన్‌వెబ్ అన్న పేరుతో మొదలుపెట్టినప్పుడు అక్కడ అమ్ముడైన మొదటి వస్తువు విరిగిపోయిన లేజర్ పాయింటర్. ధర 14.83 డాలర్లు. ఇది పనిచేయదని తెలుసు కదా అని ఆయన కొన్నతన్ని అడిగాడట. తెలుసు, నేను పాడైన లేజర్ పాయింటర్లే సేకరిస్తాను అన్నాడట అతను. సేకరించేవాళ్ల లోకం అంత విచిత్రమైనది. లోపం రాస్తే ఎవరూ కొనరన్న భయం అనవసరం. మీరు అమ్మే స్టాంపుకు వెనక హింజ్ (ఆల్బమ్‌లో అతికించే చిన్న జిగురు కాగితం) మచ్చ ఉంటే, ఒక మూల కాగితం పల్చబడి ఉంటే, జిగురు మళ్లీ పూసినదేమో అన్న అనుమానం ఉంటే, అది రెండో వాక్యంలోనే రాయండి. ధర కొంత తగ్గుతుంది. కానీ వెనక్కి రావడం చాలా తగ్గుతుంది, వివాదం వచ్చినా మీ రాతే మీ సాక్ష్యం.

స్టాంపుల్ని ఫొటో కాకుండా స్కాన్ చేయండి, 1200 డీపీఐ రిజల్యూషన్‌లో, ముందూ వెనకా, నల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద. పళ్లన్నీ లెక్కపెట్టేలా వస్తాయి. మారిపోయిన స్టాంపు గొడవలో మీకు ఇప్పుడు కావలసింది అదే. నాణేలకు స్కానర్ వద్దు, మెరుపును చంపేసి బొమ్మ చప్పగా వస్తుంది.

ధర విషయంలో చాలామంది చేసే పొరపాటు, ఎవరో అడుగుతున్న ధరను చూసి మురిసిపోవడం. అడగడానికి ఏముంది, ఎంతైనా అడగొచ్చు. అమ్ముడైన ధరలు చూపించే ఫిల్టర్ ఉంటుంది, అదొక్కటే చూడండి. తక్కువ ధరకు మొదలుపెడితే పాట దానంతట అదే పెరుగుతుందన్న మాట అందరూ వెతికే వస్తువుకు నిజం. ప్రపంచం మొత్తం మీద నలుగురు మాత్రమే వెతికే వస్తువైతే, ఆ నలుగురిలో కనీసం ఇద్దరు అదే వారంలో చూడాలి. చూడకపోతే మొదలుపెట్టిన ధరకే పోతుంది. అలాంటిది స్థిర ధరకు పెట్టి ఓపిక పట్టడమే మంచిది. గెలిచి డబ్బు కట్టనివాళ్ల మీద కోపం తెచ్చుకోవడం దండగ, గడువు దాటగానే రద్దు కొట్టి మళ్లీ పెట్టేయండి.

దొంగ పాటల గురించి మీరు అడగలేదు కానీ, 'మోసమేనా' అన్నారు కాబట్టి చెప్తున్నాను. అమ్మేవాడే ఇంకో పేరుతోనో స్నేహితుడితోనో ధర పెంచించడం చాలా సైట్లలో నిషేధం, చాలా చోట్ల చట్టరీత్యా నేరం కూడా. అయినా జరుగుతుంది. ఒకే పాటదారు ఒకే అమ్మకందారు వస్తువులకు మాత్రమే పాడుతూ, ఎప్పుడూ గెలవకుండా ఉంటే అనుమానించాలి. గెలిచినతను వెనక్కి తగ్గాడు, మీ గరిష్ఠానికి ఇస్తానని మీకు కబురొచ్చిందంటే కూడా అంతే. దీనికీ మందు మీరు ముందే రాసుకున్న ఆ అంకే. ఎవరు పెంచినా దాన్ని దాటి మీరు కట్టరు.

మానేయమంటారా అన్నారు. మానక్కర్లేదు, కొన్ని వస్తువులు అక్కడ కొనడం మానండి. ఫొటోలో పూర్తిగా కనబడేవి, అంటే వాడిన స్టాంపులు, పాత పోస్టుకార్డులు, నంబరు సరిచూసుకున్న గ్రేడింగ్ నాణేలు ధైర్యంగా కొనండి. సీలు లేని ఖరీదైన నాణెం, జిగురు చెడని స్టాంపు అని చెప్పి ఎక్కువ అడిగేది నిపుణుల సర్టిఫికెట్ లేకుండా వద్దు. ప్రముఖుల సంతకాల జోలికి అసలు పోవద్దు, ఇది నా మొండి అభిప్రాయం. విదేశాల నుంచి కొనేటప్పుడు పాత వస్తువులు దేశం దాటించడానికి అనుమతి కావాలనే చట్టాలు చాలా దేశాల్లో ఉన్నాయని మర్చిపోకండి. కస్టమ్స్ తగ్గించడానికి 'గిఫ్ట్' అని రాస్తానన్న అమ్మకందారుకు వద్దని చెప్పండి. పార్సెల్ పోతే బీమా ఆ తప్పుడు విలువకే వస్తుంది.

నాణెం వివాదంలో మీరు ఓడిపోతే, మెరుపు తగ్గించాలని దాన్ని మళ్లీ ఏదీ చేయకండి. అమ్మేయాలనుకుంటే లిస్టింగ్ శీర్షికలోనే 'శుభ్రం చేసినది' అని పెట్టండి. వెండి విలువ ఎటూ ఉంటుంది, ఆ సంవత్సరం నాణెం తమ వరసలో లేనివాళ్లు తక్కువ ధరకు దొరికిందని తీసుకుంటారు.